పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాన్‌లో సెల్ఫ్ వైరింగు, ఫ్యూజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

1967 ఆగస్టు నుంచి 1979 దాకా జర్మనీలో తయారైన ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాన్ల గురించి ఈ పేజీ. ముందు అద్దం ఒకే పలక, ఇంజను వెనక, గాలితో చల్లబడే రకం, 12 వోల్టుల కరెంటు. వీటిలో చాలావాటికి వెస్ట్‌ఫాలియా సంస్థ మంచం, సింకు, పైకి లేచే కప్పు అమర్చి క్యాంపర్లుగా మార్చింది. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఇవి ఇప్పటికీ రోడ్డెక్కుతున్నాయి. అక్కడ ఇలాంటి బండి కొనుక్కున్న తెలుగువాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశాం. స్టార్టర్ మోటారుని మన మెకానిక్కులు పిలిచినట్టే ఇక్కడ సెల్ఫ్ అంటున్నాం.

తాళం తిప్పితే ఏ చప్పుడూ లేదు. ముందు ఏ ఫ్యూజు చూడాలి?

ఏదీ చూడక్కర్లేదు. ఈ బండిలో సెల్ఫ్ దారిలో ఫ్యూజు అనేదే లేదు. ఇంజను గదిలో కుడి పక్కనున్న బాటరీ ప్లస్ నుంచి లావు కేబులు నేరుగా సెల్ఫ్ మీది సొలినాయిడ్‌కి (కరెంటుతో పనిచేసే అయస్కాంతపు స్విచ్చికి) వెళ్తుంది. ఆ బోల్టు నంబరు 30 (ఇలాంటి నంబర్లు సైజులు కావు, వైరు ఎక్కడ తగలాలో చెప్పే గుర్తులు). అక్కడి ప్లస్సే ఎర్ర వైర్ల మీదుగా బండి ముందుకి, ఇగ్నిషన్ స్విచ్చికి చేరుతుంది. తాళం పూర్తిగా తిప్పినప్పుడు స్విచ్చిలోని 50 నుంచి ఎరుపు మీద నల్లచార ఉన్న వైరు మళ్ళీ బండి పొడవునా వెనక్కి వచ్చి సొలినాయిడ్ మీది 50 పలకకి (వైరు కొస తొడిగే చదునైన రేకుకి) తగులుకుంటుంది. సొలినాయిడ్ లోపలి గుండు కదిలి పినియన్‌ని (సెల్ఫ్ చిన్న పళ్ళచక్రాన్ని) ఇంజను పెద్ద చక్రమైన ఫ్లైవీల్ పళ్ళలోకి నెడుతుంది, అదే కదలికతో మోటారుకి కరెంటు కలుపుతుంది. ఇంజనుకి స్పార్కు పుట్టించే కాయిల్‌కి వెళ్ళే నల్ల వైరుకీ ఫ్యూజు లేదు.

సెల్ఫ్ పలకకపోతే ఫ్యూజు పెట్టె విప్పి గంటలు గడపకండి. అందులోని ఒక్కో ఫ్యూజు మార్చుకుంటూ పోయినా సెల్ఫ్ తిరగదు. జబ్బు ఉండేది బాటరీ, కేబుళ్ళు, ఎర్త్ (మైనస్‌ని బాడీకి, ఇంజనుకి కలిపే దారి), స్విచ్చి, 50 వైరు, సొలినాయిడ్, మోటారు, ఈ ఏడింటిలోనే. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న బండిలో ఎనిమిదోది కూడా ఉంది: గేరు పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప సెల్ఫ్‌కి కరెంటు వదలని స్విచ్చి. గేరు కర్రని న్యూట్రల్‌లోనే కాస్త అటూ ఇటూ ఆడిస్తూ తాళం తిప్పినప్పుడు సెల్ఫ్ పలికితే, తప్పు అక్కడే.

మీటరు తీయకముందు తెలిసేది ఏమైనా ఉందా?

చాలానే ఉంది. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి, ఎవరినైనా బండి ముందు నిలబడి చూడమనండి.

లైట్లు కొంచెం కూడా మసకబారలేదు, చప్పుడు లేదు: సొలినాయిడ్‌కి కరెంటు అందడం లేదు. స్విచ్చి, 50 వైరు, దాని పలకలు చూడాలి. లైట్లు బాగా ఆరిపోయినట్టయి టకటకమని వరసగా చప్పుడు వస్తే బాటరీ దిగిపోయింది, లేదా బాటరీ క్లాంపులు వదులు. లైట్లు పెద్దగా తగ్గకుండా టక్ అని ఒక్కసారే వినిపిస్తే సొలినాయిడ్ కదిలింది కానీ దాని లోపలి రాగి స్పర్శలు కాలిపోయి మోటారుకి కరెంటు ఇవ్వడం లేదు, లేదా మోటారు కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. అదే ఒక్క టక్కుకి లైట్లు బాగా పడిపోతే మోటారు బిగుసుకుపోయింది.

బాటరీ బాగుందో లేదో ఎలా నిర్ధారించాలి?

బండి కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక కొలవండి. 12.6 నుంచి 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12.0 చూపిస్తే మిగతా పరీక్షలన్నీ ఆపి ముందు ఛార్జి చేయండి, ఎందుకంటే దిగిన బాటరీతో చేసే ఏ కొలతా నమ్మదగింది కాదు. తర్వాత సెల్ఫ్ కొడుతూ కొలవండి. మామూలు వాతావరణంలో 9.6 వోల్టుల కిందికి పడిపోతే బాటరీ బలహీనం, లేదా సెల్ఫ్ అవసరానికి మించి కరెంటు లాగుతోంది.

ఊరికే ఉన్నప్పుడు 12.6 చూపించి సెల్ఫ్ కొట్టగానే 7కి పడిపోయే బాటరీలు ఉంటాయి. ఊరికే కొలిచి బాగుందనుకుంటే మోసపోయినట్టే.

వైర్లలో కరెంటు ఎక్కడ పోతోందో కనుక్కునే పద్ధతి ఏది?

దీన్ని డ్రాప్ పరీక్ష అంటారు. ఈ పేజీలో ఒక్కటే నేర్చుకుంటానంటే ఇదే నేర్చుకోండి.

సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 200 ఆంపియర్లు పారతాయనుకుందాం. అతుకు దగ్గర ఓము‌లో నాలుగొందలవ వంతు, అంటే 0.0025 ఓముల అడ్డు ఉన్నా అక్కడే అర వోల్టు పోతుంది. మీటరుని ఓముల మీద పెట్టి కేబులు కొలిస్తే ఆ అడ్డు కనిపించదు. పది తీగల్లో ఒక్కటే మిగిలిన కేబులు కూడా ఓముల మీటరుకి బాగానే ఉన్నట్టు తోస్తుంది. అందుకే కరెంటు పారుతుండగా వోల్టులే కొలవాలి.

గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు లాగండి. ఇంజను స్టార్ట్ కాకుండా కాయిల్ 15 మీది నల్ల వైరు ఊడదీయండి. దాని కొసకి టేపు చుట్టడం మరిచిపోవద్దు. ఫ్యూజు లేని వైరు కాబట్టి, తాళం తిప్పి ఉండగా అది బాడీకి తగిలితే వైరింగంతా కరుగుతుంది. మీటరుని 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఇంకొకరితో మూడు నాలుగు సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టించండి.

మొదటి కొలత: ఎర్ర కొస బాటరీ ప్లస్ గుబ్బ మీద, నల్ల కొస సొలినాయిడ్ 30 బోల్టు మీద. 0.3 వోల్టులు దాటకూడదు. ఎర్ర కొసని క్లాంపు మీద కాకుండా సీసపు గుబ్బకే ఆనించండి. గుబ్బకీ క్లాంపుకీ మధ్య పట్టిన చిలుమే చాలాసార్లు అసలు దొంగ.

రెండోది: 30 బోల్టుకీ, సొలినాయిడ్ నుంచి మోటారులోకి వెళ్ళే బోల్టుకీ మధ్య. ఇదీ 0.3 లోపే. ఎక్కువ ఉంటే సొలినాయిడ్ స్పర్శలు కాలాయి.

మూడోది: బాటరీ మైనస్ గుబ్బకీ, సెల్ఫ్ లోహపు ఒంటికీ మధ్య. ఇక్కడా 0.3 లోపు ఉండాలి. పాత బండ్లలో ఎక్కువగా దొరికిపోయేది ఈ కొలతలోనే.

నాలుగోది: 50 పలకకీ సెల్ఫ్ ఒంటికీ మధ్య. అదే సమయంలో బాటరీ గుబ్బల మధ్య ఉన్న వోల్టేజీ కంటే ఇది 1.5 వోల్టులకు మించి తక్కువ ఉంటే స్విచ్చి దారిలో అడ్డు ఉంది.

ఎక్కడ ఎక్కువ పోతోందో తేలాక ఆ దారిని రెండు ముక్కలు చేసి మళ్ళీ కొలవండి. అలా కుదించుకుంటూ పోతే తప్పు ఒక్క అతుకు దగ్గరికి వచ్చి ఆగుతుంది. విప్పి, ఎమరీ పేపరుతో లోహం మెరిసేలా రుద్ది, బిగించి, పైన వాసెలిన్ రాయండి. లగ్గు (కేబులు కొసన బోల్టుకి తగిలించే లోహపు ముక్క) లోపల చిలుము పాకి ఉంటే రుద్దినా లాభం లేదు, కేబులే మార్చాలి. 25 చదరపు మిల్లీమీటర్ల కంటే సన్నది వేయొద్దు. 35 ఉంటే ఇంకా మంచిది.

ఎర్త్ పట్టీ అంటే ఏది? అంత ముఖ్యమా?

బాటరీ మైనస్ కేబులు పక్కనే బాడీకి బిగించి ఉంటుంది. ఇంజను, గేర్‌బాక్సు మాత్రం రబ్బరు దిమ్మల మీద కూర్చుంటాయి, అంటే బాడీతో వాటికి లోహపు సంబంధం లేదు. ఆ సంబంధం కలిపేది గేర్‌బాక్సు ముందు కొసన జడలా అల్లిన రాగి పట్టీ ఒక్కటే. బండి కిందికి దూరితే కనిపిస్తుంది, చాలాసార్లు మడ్డి, నూనె, తుప్పుల్లో కూరుకుపోయి.

ఆ పట్టీ తెగితే సెల్ఫ్ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. దొరికేవి యాక్సిలరేటర్ కేబులు, క్లచ్ కేబులు. రెండూ సన్నటి ఉక్కు తీగలే. సెల్ఫ్ నీరసంగా తిరగడం, యాక్సిలరేటర్ బిగుసుకుపోవడం కలిసి వచ్చాయంటే ముందు ఎర్త్ పట్టీ చూడండి. జంపర్ కేబులు ఒక కొస బాటరీ మైనస్‌కీ, రెండో కొస గేర్‌బాక్సు లోహానికీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూడండి. చురుగ్గా తిరిగితే నిర్ధారణ అయినట్టే. పట్టీ ఖరీదు కొంచెమే. కొత్తది వేసేటప్పుడు రెండు వైపులా పెయింటు, తుప్పు గీకేయాలి.

చల్లగా ఉన్నప్పుడు స్టార్టవుతుంది. అరగంట నడిపి ఆపితే మళ్ళీ పలకదు. కాసేపాగితే మామూలే. ఎందుకు?

ఈ బండి యజమానులు అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. కారణం ఒక్కటి కాదు, మూడు కలిసి వస్తాయి.

50 దారి చాలా పొడవు. కరెంటు వెనక నుంచి ముందుకి, స్విచ్చి మీదుగా మళ్ళీ వెనక్కి. దారిలో స్విచ్చి స్పర్శలు, పలకలు, అన్నీ అయిదు దశాబ్దాల పాతవి. సొలినాయిడ్ గుండుని లాగే మొదటి క్షణంలో పదుల ఆంపియర్లు కావాలి, ఆ కరెంటుకి ప్రతి అతుకూ కొంత వోల్టేజీ తినేస్తుంది. దీనికి వేడి తోడవుతుంది. సెల్ఫ్ ఉండేది హీటర్ పెట్టె, సైలెన్సర్ గొట్టాల దగ్గర. రాగికి ఒక్కో డిగ్రీ వేడికి అడ్డు సుమారు 0.4 శాతం పెరుగుతుంది. సొలినాయిడ్ చుట్ట 60 డిగ్రీలు వేడెక్కితే దాని అడ్డు దాదాపు నాలుగో వంతు పెరిగి, లాగే బలం తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు బొటాబొటిగా సరిపోయిన వోల్టేజీ వేడికి చాలదు.

అసలు వైద్యం స్విచ్చి, పలకలు, 50 వైరు బాగుచేయడం. దాంతోపాటు సెల్ఫ్ దగ్గర ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి) పెడితే మళ్ళీ ఈ బాధ రాదు. రిలే ఉంటే స్విచ్చి దారి మోయాల్సింది ఆంపియరులో అయిదో వంతు కూడా ఉండదు, బరువు కరెంటు బాటరీ దగ్గరే తిరుగుతుంది.

మామూలు 12 వోల్టుల, 40 ఆంపియర్ల, నాలుగు కాళ్ళ రిలే చాలు. సొలినాయిడ్ 50 మీది పాత ఎరుపు నలుపు వైరు ఊడదీసి రిలే 86 నంబరు కాలికి ఇవ్వండి. 85ని బాడీకి ఎర్త్ చేయండి. బాటరీ ప్లస్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలే 30కి. 87 నుంచి అదే మందం వైరు సొలినాయిడ్ 50కి. ఫ్యూజు బాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. రిలేని కాళ్ళు కిందికి ఉండేలా బిగిస్తే నీళ్ళు నిలవవు. హీటర్ గొట్టాలకి దూరంగా, బాటరీ పక్క గోడ మీద పెట్టడం మేలు.

బండి కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో 30, 50 కలిపి స్టార్ట్ చేయొచ్చా?

పరీక్షగా పనికొస్తుంది: అలా కలిపినప్పుడు సెల్ఫ్ బాగా తిరిగితే బాటరీ, ఎర్త్, మోటారు అన్నీ బాగున్నట్టు, లోపం స్విచ్చి దారిలోనే. అయితే గేరులో ఉన్న బండి ఆ క్షణమే మీ మీదుగా కదులుతుంది. ఈ పని చేస్తూ మనుషులు చనిపోయారు. గేరు న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకుని, చక్రాలకి రెండు వైపులా రాళ్ళు పెట్టి, తాళంచెవి బయటికి తీసేసి, పొడుగు వైర్లున్న నొక్కుడు స్విచ్చితో పక్కన నిలబడి చేయండి. చేతికి గడియారం, ఉంగరం ఉండకూడదు.

వైరు రంగుల్లో మనవాళ్ళు పొరబడేది ఎక్కడ?

నల్ల వైరు దగ్గర. మన మెకానిక్కుకి నలుపు అంటే ఎర్త్. ఈ జర్మన్ బండిలో ఎర్త్ గోధుమ రంగు, దాని నంబరు 31. నలుపు అంటే తాళం తిప్పగానే కరెంటు వచ్చే వైరు, నంబరు 15. అలవాటు కొద్దీ నల్లవైరుని బాడీకి బిగిస్తే పొగ వస్తుంది.

ఎరుపు ఎప్పుడూ కరెంటుండే బాటరీ ప్లస్. ఎరుపు మీద నలుపు సెల్ఫ్‌ది. హెడ్‌లైట్లలో తెల్ల వైరు పై వెలుగుకి (హై బీమ్), పసుపు వైరు కింది వెలుగుకి (లో బీమ్). బూడిద రంగు పార్కింగ్, టెయిల్ లైట్లకి. బండి ఇన్నేళ్ళలో ఎన్ని చేతులు మారిందో, మధ్యలో ఎవరు ఏ రంగు అతికారో చెప్పలేం. అందుకే రంగు చూసి ఊహించండి, మీటరుతో తేల్చుకోండి.

కొత్త బాటరీ, కొత్త కేబుళ్ళు వేసినా సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది.

గేర్‌బాక్సు గంటలో (ఇంజనుకి ఆనే గంట ఆకారపు డొప్పలో) ఉన్న చిన్న కంచు బుష్ చూడండి. సెల్ఫ్ ఇరుసు రెండో కొస తిరిగేది అందులోనే. అది అరిగితే ఇరుసు పక్కకి వాలి, ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) తన చుట్టూ ఉన్న అయస్కాంత దిమ్మలకి రాసుకుంటుంది. కరెంటు విపరీతంగా లాగుతుంది, తిరగడం మాత్రం నీరసం. వేడెక్కితే ఇంకా ఎక్కువ. సెల్ఫ్ మార్చేటప్పుడు బుష్ కూడా మార్చకపోవడం డబ్బు పారేసుకోవడమే. పాత సెల్ఫ్‌ని పాడుచేసిన బుష్షే కొత్తదాన్నీ తింటుంది. కొత్త బుష్‌ని ఒక రాత్రి ఇంజనాయిల్‌లో నానబెట్టి కొట్టండి. ఈ బుష్ అక్కర్లేని, ముందు కొస మూసి ఉండే సెల్ఫ్‌లు కూడా దొరుకుతాయి.

మోటారు గిర్రున తిరుగుతుంది, ఇంజను కదలదు.

పినియన్ లోపలి క్లచ్ జారుతోంది, లేదా ఫ్లైవీల్ పళ్ళు ఒకచోట అరిగాయి. బండిని గేరులో వేసి అంగుళం రెండంగుళాలు తోసి మళ్ళీ కొట్టండి. అందుకుంటే పళ్ళదే తప్పు.

తాళం వదిలేసినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంది.

వెంటనే బాటరీ మైనస్ ఊడదీయండి. స్పానర్ వెతికే వ్యవధి కూడా ఉండదు కాబట్టి, మైనస్‌కి చేత్తో తిప్పి విడదీసే కటాఫ్ స్విచ్చి ముందే పెట్టుకోవడం మంచిది. సొలినాయిడ్ స్పర్శలు అతుక్కుపోయినా, ఇగ్నిషన్ స్విచ్చి స్ప్రింగు వెనక్కి రాకపోయినా ఇలా జరుగుతుంది. మైనస్ తీశాక 50 వైరు ఊడదీసి, మళ్ళీ మైనస్ ఒక్కసారి ఆనించండి. అప్పుడూ సెల్ఫ్ తిరిగితే సొలినాయిడ్, తిరగకపోతే స్విచ్చి, లేదా మీరు పెట్టిన రిలే. చాలా మోడళ్ళలో స్విచ్చి కరెంటు భాగాన్ని తాళం గొట్టంతో పని లేకుండా విడిగా మార్చుకోవచ్చు.

ఫ్యూజు చూస్తే బాగానే ఉంది. అయినా లైటు వెలగదు.

ఈ బండి ఫ్యూజులు రెండు కొసలూ సూదిగా, మధ్యలో లోహపు రేకు బయటికి కనిపించే రకం, పొడవు 25 మిల్లీమీటర్లు. రేకు తెగకపోయినా కొసల దగ్గర చిలుము పట్టి కరెంటు ఆగిపోతుంది. వేలితో ఒక్కసారి అక్కడికక్కడే తిప్పండి, వెలిగితే అదే. కానీ తిప్పడం మందు కాదు. మైనస్ తీసి, పట్టుకునే రేకుల్ని సన్నటి ఎమరీతో రుద్ది, వదులైతే కొంచెం లోపలికి వంచి, కొత్త ఫ్యూజు పెట్టండి. వదులు స్పర్శ వేడెక్కుతుంది. ఆ వేడికి ప్లాస్టిక్ ఒంటి ఫ్యూజు మెత్తబడి ఇంకా వదులవుతుంది. పింగాణీవి కొనండి.

లైటు వెలుగుతుండగా ఫ్యూజు రెండు రేకుల మధ్య మీటరు పెడితే 0.1 వోల్టు కంటే ఎక్కువ చూపించకూడదు.

ఫ్యూజు రంగులు ఏం చెబుతాయి?

ఈ పాత రకంలో పసుపు 5 ఆంపియర్లు, తెలుపు 8, ఎరుపు 16, నీలం 25. కొత్త బండ్ల బ్లేడు ఫ్యూజుల్లో ఎరుపు 10, నీలం 15, పసుపు 20. రెండు రకాల రంగులకీ పొత్తు లేదు. క్యాంపర్ సామాన్లకి పెట్టిన బ్లేడు పెట్టె ఒకవైపు, పాత పెట్టె ఇంకోవైపు ఉన్న బండిలో పసుపుకి పసుపు అని పెడితే 5 ఉండాల్సిన చోట 20 కూర్చుంటుంది. రంగు కాదు, మీద అచ్చైన అంకె చూడండి. ఏ గదిలో ఏ ఫ్యూజు అన్నది ఏడాదిని బట్టి మారింది కాబట్టి మీ బండి ఏడాది వైరింగు పటమే ప్రమాణం.

పెట్టెలో లేని ఫ్యూజు ఒకటి ఇంజను గదిలో కాయిల్ పక్కన వైరుకే వేలాడుతూ ఉంటుంది, రివర్స్ లైట్లకి. దాని సంగతి తెలియక చాలామంది లైట్లు, గేర్‌బాక్సు స్విచ్చి మార్చేస్తారు.

ఒకే ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతోంది. పెద్దది వేస్తే?

వేయకండి. ఫ్యూజు కాపాడేది లైటుని కాదు, వైరుని. సన్న వైరుకి 25 వేస్తే ఫ్యూజుకి బదులు వైరు కాలుతుంది, ఆ వైరు పరుపు కింద, కర్టెన్ల వెనక పోతుంది.

ఫ్యూజు తీసి, ఆ రెండు రేకుల మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించండి. ఆ ఫ్యూజు మీద నడిచేవన్నీ ఆపేయండి. బల్బు పూర్తి వెలుగుతో వెలిగిందంటే వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఇప్పుడు వైరింగుని చేత్తో కదిలిస్తూ వెళ్ళండి, స్టీరింగు తిప్పండి, తలుపులు తెరవండి. బల్బు ఆరిన చోటే గాయం ఉంది. ఒక్క ఫ్యూజు కూడా ఖర్చు కాదు.

రాత్రి తెల్లారేసరికి బాటరీ దిగిపోతోంది.

అన్నీ ఆపి, బాటరీ మైనస్ తీసి, గుబ్బకీ కేబులుకీ మధ్య మీటరుని 10 ఆంపియర్ల మీద పెట్టండి. ఇందులో కంప్యూటర్లేమీ లేవు. గడియారం, రేడియో మినహాయిస్తే సున్నాకి దగ్గరగా ఉండాలి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఫ్యూజులు ఒక్కోటీ తీస్తూ చూడండి. అన్నీ తీసినా తగ్గకపోతే డైనమో కటాఫ్ (ఇంజను ఆగాక డైనమోని బాటరీ నుంచి విడదీసేది), లేదా ఆల్టర్నేటర్ డయోడ్లు, లేదా ఎవరో బాటరీకి నేరుగా తగిలించిన వైరు. మీటరు పెట్టి ఉండగా సెల్ఫ్ కొట్టారో, మీటరు ఫ్యూజు పోతుంది.

లోపల వాడే సామాన్లకి రెండో బాటరీ ఉన్నప్పుడు, రెండిటినీ కలిపే రిలే ఇంజను ఆగగానే విడిపోవాలి. అది అతుక్కుపోతే రాత్రి ఫ్రిజ్ సెల్ఫ్ బాటరీని కూడా ఖాళీ చేస్తుంది. ఇంజను ఆపి రెండు బాటరీల ప్లస్‌ల మధ్య వోల్టులు కొలవండి. కాసేపు లోపలి లైట్లు వేశాక తేడా కనిపించాలి, సున్నాగానే ఉండిపోతే రిలే విడిపోలేదు. రెండు బాటరీలని కలిపే వైరుకి రెండు కొసలా ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే రెండు వైపులా కరెంటుంది. ఒక్క ఫ్యూజే వేసి వదిలేయడం తరచూ కనిపించే తప్పు.

సెల్ఫ్ విప్పడం కష్టమా?

కష్టం పై బోల్టు దగ్గరే. బాటరీ మైనస్ తీసి, వెనక భాగం ఎత్తి, స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ మీద ఉన్న బండి కిందికి దూరకండి. వైర్లకి కాగితం చీటీలు కట్టి ఊడదీయండి. కింది నట్టు తేలిగ్గానే వస్తుంది. పై బోల్టు ఇంజనుని గేర్‌బాక్సుకి పట్టి ఉంచే బోల్టుల్లో ఒకటి. దాని నట్టు ఇంజను గదిలో, ఫ్యాను డొప్ప వెనక ఉంటుంది, 17 నంబరు స్పానర్‌తో చేత్తో తడుముకుంటూ విప్పాలి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. బిగించేటప్పుడు 30 న్యూటన్ మీటర్లు చాలు. 30 బోల్టు మీదికి అన్ని లగ్గులూ తిరిగి వచ్చాయో లేదో చూసి, లావు కేబులు హీటర్ గొట్టానికి ఆనకుండా కట్టి, ఆ తర్వాతే మైనస్ తగిలించండి.